ఆశ్చర్యానికి గురి కావాలా?

సందేహం: ‘ఫలితం చూసి ఆశ్చర్యానికి గురయ్యాను’ అని రాస్తే మా మాస్టారు కొట్టేశారు. తప్పేనా? ఆశ్చర్యం, విస్మయం, దిగ్భ్రాంతి ఒకటేనా?

సమాధానం: తప్పని గట్టిగా చెప్పలేను గానీ, మాస్టారు కొట్టేసినందుకు నాకు సంతోషంగానే ఉంది. గురి అంటే బాణం తగలాల్సిన చోటు. దాడికి గురవుతాం, అవమానానికి గురవుతాం. ఆశ్చర్యాన్ని కూడా ఆ వరసలో నిలబెట్టడం ఎందుకండీ, ‘ఆశ్చర్యపోయాను’ అనే చక్కటి మాట ఉండగా?

అసలు ఈ సంస్కృత మాట పుట్టుక చూడండి. ‘ఆ’, ‘చర్య’ కలిస్తే ‘ఆచర్య’ కావాలి, అంటే చేయదగినది. మధ్యలో సకారం చేరి, చకారం పక్కన శకారంగా మారితే ‘ఆశ్చర్య’. అదెప్పుడో సంస్కృత వ్యాకరణకర్త పాణిని ఒక్క ముక్కలో చెప్పాడు: ‘ఆశ్చర్యమనిత్యే’. అనిత్యం అంటే ఇక్కడ రోజూ జరగనిది. మన తెలుగు ‘అరుదు’ కూడా అంతే, ఎప్పుడో గానీ దొరకనిదీ అరుదే, వింతైనదీ అరుదే. రెండు భాషలూ వేరు వేరు దారుల్లో వచ్చి ఒకేచోట కలుసుకోవడం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఇక ఆ అనుభవం ఎలా ఉంటుందంటే పోతన దగ్గరికే వెళ్ళాలి. మన్ను తిన్నావా అని కృష్ణుడి నోరు చూసిన యశోదకి బ్రహ్మాండం కనిపించింది. ‘కలయో, వైష్ణవ మాయయో, యితర సంకల్పార్థమో, సత్యమో’ అంటూ మొదలుపెడుతుంది. ముందు చూసినదాన్ని శంకిస్తుంది, తర్వాత తన బుద్ధిని, ఆపైన ‘యశోదాదేవిఁ గానో’ అని ఏకంగా తనని తానే! ఆ ‘ఓ’ ఒక్కొక్కటీ ఒక్కో మెట్టు జారుతున్నట్టుంటుంది. ‘మహాశ్చర్యంబు’ అనే మాట మాత్రం పద్యం చివరికి గానీ రాదు. నిజంగా ఆశ్చర్యపోయినవాళ్ళకి ఆ పేరు తట్టేది అప్పుడే.

విస్మయంలో ఉన్నది చిరునవ్వుకి మూలమైన ‘స్మి’ ధాతువే, అద్భుత రసానికి ఆ విస్మయమే స్థాయిభావం, అంటే ఆ రసానికి ఆధారమైన మూలభావం. అచ్చెరువు ఆశ్చర్యానికి, అబ్బురం అద్భుతానికి తద్భవాలు. దిగ్భ్రాంతి వేరు, దిక్కు తోచకపోవడం. ‘దిగ్భ్రాంతి వ్యక్తం చేశారు’ అని రోజూ రాసి ఆ మాట బరువంతా పోగొట్టారు. మంచి వార్తకీ చెడ్డ వార్తకీ ‘షాకయ్యా’ అనేస్తే ఇన్ని ఛాయలు ఉండి ఏం లాభం?

మీ ఫలితం అనుకున్నదానికంటే బాగా వచ్చి ఉంటే ‘ఆశ్చర్యపోయాను’ అని దిద్దుకోండి. దెబ్బ తగిలి ఉంటే ‘గురయ్యాను’ ఉంచండి, నేను అడ్డుచెప్పను, కాకపోతే దాని ముందు ‘దిగ్భ్రాంతికి’ అని ఉండాలి.