గొల్లభామ కాళ్లకు మట్టేదీ?

అమ్మాయీ,

పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుడు బూషే వేసిన 'ప్రేమలేఖ' బొమ్మ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. "అప్పటి ఫ్రాన్స్ పల్లె జీవితానికి అద్దం" అనే మొదటి వాక్యం కొట్టెయ్. అది బొమ్మను చూసి రాసిన మాట కాదు.

బొమ్మ మళ్లీ ముందు పెట్టుకో. పది నిమిషాలు కలం ముట్టకు. తర్వాత కనిపించిన వస్తువుల పేర్లు ఓ ఇరవై రాయి. విశేషణం ఒక్కటీ వద్దు. 'అందమైన' అని రాయగానే చూపు ఆగిపోతుంది. ఉత్తరం, పావురం, రిబ్బను, కుక్క, గొర్రెలు, పట్టుబట్టలు, వట్టి కాళ్లు. వీటిలో ఒకదానితో ఒకటి పొసగనివి పట్టుకో. పట్టు కట్టినవాళ్లకు చెప్పుల్లేవు. చెప్పుల్లేని కాళ్లకు మట్టి లేదు! గొంగడి భుజానేసుకున్న కాపరిని చూసిన మనకు ఆ తేడా ఒకరు చెప్పక్కర్లేదు. నీ వ్యాసం ఆ పాదాల దగ్గర మొదలవ్వాలి. బొమ్మలోని ఈ ఇద్దరమ్మాయిలు గొల్లభామలు కాదు, గొల్లభామల వేషంలో ఉన్నవాళ్లు. బూషే ఒపేరాకు రంగాలంకరణ చేసినవాడు. నాటకకర్త ఫవార్ మూకనాటకాల సన్నివేశాలను కాపరుల బొమ్మల్లోకి తెచ్చినవాడు. వెనక చెట్లను కూడా నాటకం తెరలా చూడు.

ఎవరి కోసం వేశాడన్నది తర్వాత. 1750లో, ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీ ప్రియురాలు మదామ్ ద పాంపదూర్‌కు చెందిన బెల్వ్యూ భవనం కోసం. దీనికి జోడీ ఉందన్న సంగతి నువ్వు వదిలేశావు. ఇది వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంటే, అది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది: నిద్రపోతున్న పిల్లను ఒక కుర్రాడు గడ్డిపరకతో గిలిగింత పెడుతుంటాడు. ఇక్కడ కబురు వెళ్తోంది, అక్కడ మనిషే వచ్చాడు. రెండూ పక్కపక్కన పెట్టి చదువు.

ఆకుల్లో నీలిఛాయకు విషాదం అంటగట్టకు. ఆ కాలం చిత్రాల్లో ఆకుపచ్చ కోసం నీలంలో కలిపిన పసుపు వెలుతురుకు వెలిసిపోవడం మామూలే. పైనున్న వార్నిష్ పసుపెక్కితే నీలాకాశం ఆకుపచ్చగా కనిపిస్తుంది. మ్యూజియం వాళ్ల మరమ్మతు వివరాలు చూడకుండా రంగుకు అర్థం చెప్పొద్దు.

గోపికలతో పోలిక కూడా తీసెయ్. గోపిక వెనక భక్తి ఉంది, ఇక్కడున్నది సరసం.

ఫ్రెంచి రచయిత, కళా విమర్శకుడు దిదెరో 1761లో బూషే గురించి, ఇతనికి సత్యం తప్ప అన్నీ ఉన్నాయన్నాడు. దాన్ని తీర్పులా ముగింపులో పెట్టావు. మధ్యలోకి తెచ్చి, దానితో వాదించు: ఈ బొమ్మ పల్లెను చూపిస్తానని ఎక్కడ మాటిచ్చింది? జవాబు ఆ పాదాల్లోంచే చెప్పి, కొత్త ప్రతి పంపు.