వారంలో అవగొట్టే పుస్తకం కాదది

బిడ్డా,

ఎం.ఆర్. జేమ్స్ దెయ్యాల కథల సంపుటి కొన్నా, ఆదివారంలోపు అవగొడతా అన్నావు కదా ఫోన్లో, ఆ పని మాత్రం చేయకు. నేను కాజీపేటలో ఉన్నప్పుడు ముప్పై కథలూ ఒక్క వారంలో చదివేసి, అన్నీ ఒకే తీరుగా ఉన్నాయని పుస్తకం అటక మీద పడేసినోణ్ని.

ఆయన కేంబ్రిడ్జ్‌లో పాత రాతప్రతుల పండితుడు. క్రిస్మస్ పండగప్పుడు దోస్తులకు చదివి వినిపించేందుకే వీటిలో చాలా కథలు రాశాడు. 1904 నుంచి వచ్చిన నాలుగు పుస్తకాల కథలు, ఇంకో నాలుగు కలిపి 1931లో ఒక్కటిగా వేశారు. అంటే ఏళ్ల తరబడి అప్పుడొకటి అప్పుడొకటి విన్నవి నువ్వు వరసపెట్టి మింగుతానంటున్నావు. రోజుకొకటి చాలు, అదీ అన్నం తిన్నాక, పైకి చదువు.

ముందు ఈల కథ పట్టుకో. దెయ్యాలు లేవని వాదించే ప్రొఫెసర్ ఒకాయన సముద్రం ఒడ్డున పాడుబడ్డ గుడిలో కంచు ఈల దొరికితే తెచ్చి ఊదుతాడు. ఆయన గదిలో రెండు మంచాలు, పడుకునేది ఒక దాని మీదే. పొద్దున పక్క సర్దే పిల్ల వచ్చి, రెండు పక్కలూ నలిగే ఉన్నాయని మామూలుగా అనేసి పోతుంది. అంతే, అక్కడ అరవడాల్లేవు, నెత్తురు లేదు. నేను మొదటిసారి ఆ మాట దాటేసి పోయాను చూడు, ఇక భయం ఎక్కడిది!

చాలా కథల్లో మొదటి రెండు పేజీలు చర్చీలు, పాత కాగితాల ముచ్చట్లతో సాగదీసినట్టు ఉంటాయి, ఓపిక పట్టు. లాటిన్ ముక్కలు వస్తే వదిలెయ్, డిక్షనరీ తెరిచావంటే కథ చల్లారిపోతుంది. పాతిపెట్టిన కిరీటాన్ని తవ్వి తీసినవాడి కథ ఒకటుంది, తిరిగి పెట్టినా వాణ్ని వదలదు. పాత గుళ్లల్లో గుప్తనిధుల కోసం తవ్వేవాళ్ల సంగతి విన్న మనకు దాన్ని ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

చాలా ఏళ్లకు, కరెంటు పోయిన రాత్రి హన్మకొండ ఇంట్లో దీపం పెట్టుకుని ఆ ఈల కథే మీ పెద్దమ్మకు తెలుగులో చెప్పుకుంటూ పోయాను. ఊఁ కొట్టడం మధ్యలోనే ఆపేసింది. పడుకునే ముందు లేచి, పక్కన ఖాళీ మంచం మీదున్న దుప్పటి తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది.

మీ పెద్దబాపు