చెవి లాగితే నొప్పి పెరుగుతోందా?

ప్రశ్న: మూడు రోజులుగా కుడి చెవిలో పోటు. మొదట దురద పుడితే ఇయర్ బడ్‌తో తిప్పాను. ఇప్పుడు ఆ పక్కకు తిరిగి పడుకోలేను, నమిలినా నొప్పే. చెవి దిబ్బడ వేసినట్టుంది. జ్వరం లేదు. గోరువెచ్చటి నూనె చుక్కలు వేసుకోవచ్చా?

జవాబు: వద్దండి. చీము పట్టిన చెవిలో నూనె వేస్తే తడి లోపలే నిలిచిపోతుంది. కర్ణభేరికి చిల్లు ఉంటే మధ్య చెవిలోకి దిగుతుంది.

ముందు ఒక పరీక్ష చేసుకోండి. చెవి రంధ్రం ముందున్న మెత్తటి బుడిపెను వేలితో నొక్కండి, చెవి డొప్పను మెల్లగా పైకి లాగండి. నొప్పి ఎక్కువైతే సమస్య చాలావరకు చెవి నాళంలోనే, అంటే రంధ్రం నుంచి కర్ణభేరి దాకా ఉన్న దారిలోనే ఉంది. జలుబు తర్వాత మధ్య చెవిలో వచ్చే నొప్పి ఇలా లాగినంత మాత్రాన సాధారణంగా పెరగదు. నొక్కినా లాగినా తేడా లేకపోతే దవడ కీలు, వెనక పళ్లు కూడా చూపించుకోవాలి. వాటి నొప్పి చెవిలోనే ఉన్నట్టు అనిపిస్తుంది.

నాళం పొడవు రెండున్నర సెంటీమీటర్లే. లోపలి భాగంలో పల్చటి చర్మం నేరుగా ఎముకను అంటుకుని ఉంటుంది. వాపు వస్తే సాగే చోటు లేదు, అందుకే ఇంత పోటు. గులిమి మురికి కాదు. దానికున్న స్వల్ప ఆమ్లగుణం సూక్ష్మక్రిములను ఎదగనివ్వదు, జిడ్డు నీటిని ఆపుతుంది. బడ్ ఆ పొరను తుడిచేసి, చర్మాన్ని గీరి, మిగిలిన గులిమిని లోపలికి నెట్టేస్తుంది. ఆపైన స్నానం నీళ్లు నిలిస్తే చీము పట్టడానికి ఇంకేం కావాలి? నొప్పికన్నా దురద ఎక్కువగా ఉండి, తెల్లగానో నల్లగానో పొట్టులా కనిపిస్తే అది బూజు కావచ్చు. దానికి మందు వేరు.

ఇంట్లో చేయదగ్గది: చెవిని పొడిగా ఉంచడం. తలస్నానం చేసేటప్పుడు వ్యాజలైన్ రాసిన దూది ఉండను రంధ్రం అంచున పెట్టి, కాగానే తీసేయండి. ఈత, ఇయర్‌ఫోన్లు వారం పది రోజులు మానండి. గోరువెచ్చటి పొడి గుడ్డతో బయటినుంచి పది నిమిషాలు కాపడం పెట్టవచ్చు. పెద్దవాళ్లు పారాసిటమాల్ 500 మి.గ్రా. మాత్ర ఒకటి, ఆరు గంటలకోసారి వేసుకోవచ్చు. కాలేయ జబ్బు ఉంటే డాక్టర్ని అడిగాకే.

వీటితో నొప్పి అదుపులో ఉంటుందే గానీ ఇన్ఫెక్షన్ పోదు. మీకు దిబ్బడ కూడా ఉంది కాబట్టి, ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించి చుక్కల మందు రాయించుకోండి. వాడిన రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పట్టాలి. చెవి వెనక వాపు, ముఖం ఒకవైపు వంకరపోవడం, తల తిరగడం, జ్వరం కనిపిస్తే అదే రోజు వెళ్లాలి. షుగర్ ఉన్నవాళ్లకు ఇది ఎముకకు పాకే ప్రమాదం ఉంది, వాళ్లు మొదటి రోజే చూపించుకోవాలి.

ప్రశ్న: డాక్టర్ రాసిన చుక్కలు వేయగానే బయటికి కారిపోతున్నాయి, కళ్లు కూడా తిరుగుతున్నాయి. ఎందుకు?

జవాబు: చల్లటి మందు పడితే కళ్లు తిరుగుతాయి. సీసాను రెండు నిమిషాలు గుప్పిట్లో ఉంచి వెచ్చబరచండి. నొప్పి లేని పక్కకు తిరిగి పడుకుని, చెవి డొప్పను పైకీ వెనక్కీ లాగి చుక్కలు వేయించుకోండి. మూడేళ్లలోపు పిల్లలకైతే కిందికీ వెనక్కీ లాగాలి. తర్వాత ముందున్న బుడిపెను నాలుగైదుసార్లు నొక్కి వదిలితే లోపలి గాలి బయటికొచ్చి మందు దిగుతుంది. ఐదు నిమిషాలు అలాగే పడుకోండి. అయినా కారిపోతుంటే నాళం వాచి మూసుకుపోయిందన్నమాట. డాక్టర్ అందులో సన్నటి వత్తి పెడితే, మందు దాని గుండా లోపలికి చేరుతుంది.