పెళ్ళి కాని విశ్వాసికి సంఘంలో చోటు ఎక్కడ?

ఉద్యోగం కోసం విశాఖపట్నం వచ్చి గాజువాకలో గది తీసుకుని ఉంటున్నాననీ, ఇంకా పెళ్ళి కాలేదనీ, ఆదివారం ఆరాధనకు వెళ్తున్నా మిగతా వారమంతా విశ్వాసం తనకు దూరంగా ఉన్నట్టే అనిపిస్తోందనీ, ఒంటరిగా ఉండే యువ క్రైస్తవులు రోజువారీ జీవితంలో భక్తిని ఎలా నిలుపుకుంటారో అనుభవం ఉన్నవారు చెప్పాలనీ ఒక సోదరుడు అడిగారు. నేను పాలకొండ నుండి వచ్చి, మహారాణిపేటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేస్తూ, కంచరపాలెంలో ఒక ఇంటి పైవాటాలో ఒక్కదాన్నే అద్దెకు ఉంటున్నాను. నాకు ముప్ఫై దాటాయి, పెళ్ళి కాలేదు. ఈ ప్రశ్న నా రోజువారీ బ్రతుకు గురించే కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

ఇలా అడిగినవారికి సాధారణంగా వచ్చే సలహాలు మనందరికీ తెలిసినవే. తెల్లవారుజామున లేచి ప్రార్థించండి, రోజుకు మూడు అధ్యాయాలు చదవండి, శుక్రవారం ఉపవాస ప్రార్థన మానకండి అంటారు. ఇవేవీ కాదనను, నేనూ చేతనైనంత చేస్తాను. మా ల్యాబ్‌లో ఉదయం షిఫ్టు అంటే పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చే షుగర్ పేషెంట్లు తలుపు తెరవకముందే బెంచీల మీద కూర్చుని ఉంటారు. అంత పొద్దున్నే మోకాళ్ళ మీద గంటసేపు గడపడం నాకు కుదరదు. అందుకని రక్తం తీసిన ట్యూబు మీద లేబులు అంటించేటప్పుడు ఆ పేరును ఒకసారి మనసులో ప్రభువుకు చెప్పుకుంటాను. పేరు, వయసు, ఏ పరీక్ష అన్నవి ఎలాగూ చదవాలి, వాటితోపాటే ఆ మనిషి కోసం ఒక్క మాట ప్రార్థన కూడా అయిపోతుంది. నా రోజులో ఎక్కువ ప్రార్థన జరిగేది ఆ బల్ల దగ్గరే.

అయితే నా గట్టి అభిప్రాయం వేరు. పెళ్ళి కాని విశ్వాసి భక్తి చల్లారిపోయేది ప్రార్థన తక్కువై కాదు. సంఘంలో అతనికి ఒక ఇల్లు లేక చల్లారిపోతుంది. ఆదివారం రెండు గంటలు పక్కపక్కన కూర్చుని, వందనాలు చెప్పుకుని, ఎవరి కుటుంబంతో వారు ఇంటికి వెళ్ళిపోయాక, గదికి తిరిగి వచ్చి తాళం తీసుకునే మనిషికి శనివారం రాత్రి వరకు ఆ సంఘంతో ఏ పనీ ఉండదు. అలాంటప్పుడు వారమంతా విశ్వాసం దూరంగా ఉన్నట్టు అనిపించడంలో వింతేముంది?

మన సంఘాలు కుటుంబాలను లెక్కలోకి తీసుకున్నట్టు మనుషులను తీసుకోవు. యవ్వనస్థుల కూడికకు వెళ్తే అక్కడ అందరూ ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు, వారికి చెప్పే వాక్యం కూడా పరీక్షల గురించీ, స్నేహాల గురించీ ఉంటుంది. స్త్రీల సమాజానికి వెళ్తే భర్త మారుమనస్సు కోసం, పిల్లల చదువుల కోసం ప్రార్థన అంశాలు చెప్పుకుంటారు, నా వంతు వచ్చేసరికి నేను చెప్పకుండానే ఎవరో ఒక ఆంటీ "మన సిస్టర్‌కు మంచి సంబంధం కుదరాలని" అనేస్తారు. డిసెంబరు 31 రాత్రి కూడికలో అర్ధరాత్రి దాటాక పాస్టరు గారు కుటుంబం వెంట కుటుంబాన్ని ముందుకు పిలిచి తలల మీద చేతులుంచి ప్రార్థించి, ఇంటికొక వాగ్దాన వచనం కార్డు ఇస్తారు. ఒంటరిగా ఉన్నవాళ్ళం చివర్లో, కుర్చీలు సర్దే వేళకు, అందరం కలిసి ఒక గుంపుగా వెళ్తాం. సంఘం చందా రిజిస్టరులో కూడా నా పేరు చాలాకాలం మా దూరపు బంధువు ఒకాయన కుటుంబం కింద ఉండేది. నా జీతంలోంచి నేను ఇచ్చే దశమభాగం ఆయన ఇంటి పేరున జమ అయ్యేది. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో చేసింది కాదు, రిజిస్టరులో "కుటుంబ పెద్ద" అన్న గడిలో నాలాంటి వారిని ఎక్కడ రాయాలో వారికి తెలియలేదు.

పెళ్ళి కాని ప్రతి విశ్వాసికీ కంఠతా వచ్చే వచనం ఒకటుంది. దేవుడు ఏకాంగులను సంసారులనుగా చేయువాడు అని 68వ కీర్తన ఆరవ వచనం. ఎవరు కనిపించినా అది చెప్పి, భుజం తట్టి, త్వరలోనే పప్పన్నం పెడతావులే అని దీవిస్తారు. దానికి ముందున్న వచనాన్ని మాత్రం ఎవరూ చదవరు. అందులో దేవుడు తండ్రి లేనివారికి తండ్రి, విధవరాండ్రకు న్యాయకర్త అని ఉంది. అంటే ఆ కీర్తనకారుడి కళ్ళ ముందున్నవారు అనాథలు, భర్త పోయిన స్త్రీలు, చెరలో ఉన్నవారు. ఇల్లు లేనివారిని దేవుడు ఒక ఇంటివారిని చేస్తాడన్నది అక్కడి సంగతి. దానిని పెళ్ళి సంబంధాల వాగ్దానంగా కుదించి, ఇల్లు కల్పించే పనిని సంఘం తన మీద వేసుకోకుండా తప్పించుకుందని నేను అనుకుంటాను.

ఇది నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. మా సంఘంలో గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం పన్నెండు నుండి మూడు వరకు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలను ఏడుగురు ధ్యానిస్తారు. తన తల్లిని శిష్యుడికి అప్పగించిన మూడవ మాటను ఎప్పుడూ స్త్రీల సమాజం అధ్యక్షురాలికే ఇస్తారు. ఆవిడ తల్లిదండ్రులను ముసలితనంలో చూసుకోవాలని పిల్లలకు బుద్ధి చెప్పి ముగిస్తారు. 2025లో గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 18న వచ్చింది. ఆవిడకు అంతకుముందే మోకాలి ఆపరేషన్ కావడంతో పాస్టరు గారు నన్ను పిలిచి, "ఈసారి మూడవ మాట నువ్వు చెప్పమ్మా" అన్నారు.

రాత్రి డ్యూటీలో మెషీన్ మీద శాంపిళ్ళు నడుస్తుండగా యోహాను సువార్త 19వ అధ్యాయం మళ్ళీ మళ్ళీ చదివాను. యేసు తల్లితో మాట్లాడటానికి సరిగ్గా ముందు సైనికులు ఆయన వస్త్రాలను నాలుగు భాగాలు చేసి పంచుకుని, అంగీ కోసం చీట్లు వేస్తారు. అంటే ఆ మాట పలికే వేళకు ఆయనకు ఒంటి మీది బట్ట కూడా తనది కాదు. భార్య లేదు, పిల్లలు లేరు, తల్లికి రాసివ్వడానికి ఇల్లు లేదు. ఆయన సహోదరులు ఆయనయందు విశ్వాసముంచలేదని అదే సువార్త ఏడవ అధ్యాయంలో ఉంది. ఆ స్థితిలో, ఊపిరి తీసుకోవడమే కష్టమైన సమయంలో, "అమ్మా, యిదిగో నీ కుమారుడు" అనీ, శిష్యుడితో "యిదిగో నీ తల్లి" అనీ చెప్పి, ఇద్దరినీ ఒక ఇంటివారిని చేశాడు. ఆ గడియ నుండి ఆ శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకున్నాడు. పెళ్ళి కాని ఒక మనిషి చనిపోయే ముందు ఒక ఇంటిని నిలబెట్టాడు.

ఆ రోజు మా రేకుల షెడ్డులో ఫ్యాన్లు వేడిగాలినే తిప్పుతున్నాయి. అందరూ తెల్లబట్టలతో, ఉపవాసంతో కూర్చున్నారు. రెండవ మాట చెప్పిన సోదరుడు తనకు ఇచ్చిన సమయానికి రెండింతలు తీసుకున్నారు. ఈ అలవాటు గురించి మన సంఘాలు నిజంగా ఆలోచించాలి, ఉపవాసంతో ఉన్న పెద్దవాళ్ళు సొమ్మసిల్లుతారు. నేను నా మాటను సూటిగా చెప్పాను. సిలువ కింద మొదలైన ఆ ఇల్లు రక్తసంబంధం వల్ల గానీ పెళ్ళి వల్ల గానీ ఏర్పడలేదనీ, అలాంటి ఇళ్ళు మన సంఘంలో ఎన్ని ఉన్నాయో ఎవరికి వారు చూసుకోవాలనీ చెప్పి వచ్చి కూర్చున్నాను.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర మజ్జిగ ఇస్తున్నారు. స్తంభం పక్కన ఎప్పుడూ ఒకే కుర్చీలో కూర్చునే ఒక మామ్మగారు వచ్చి నా మణికట్టు పట్టుకున్నారు. ఆవిడ భర్త రైల్వేలో పనిచేసి పోయారు, కొడుకులిద్దరూ దూరంగా ఉన్నారు. వందనాలు తప్ప అంతవరకు మా మధ్య పెద్దగా మాటలు లేవు.

"మాట బాగా చెప్పావమ్మా. మరి ఆదివారం మజ్జాన్నం అన్నం ఎక్కడ తింటున్నావు?" అని అడిగారు.

"ఇంట్లోనేనండి మామ్మగారూ. కుక్కర్లో అన్నం పెట్టుకుని, కర్రీ పాయింటులో కూర తెచ్చుకుంటాను."

"పండగ నాడు కూడానా? ఎల్లుండి ఈస్టరుకు మా ఇంటికి వచ్చెయ్యి. వచ్చేటప్పుడు పెరుగు పట్రా. ఒక్కదానికి తోడేం పెట్టుకుంటానని మానేశాను."

ఈస్టరు నాడు తెల్లవారకముందే సమాధుల తోటలో ప్రార్థన, ఆ తర్వాత ఆరాధన ముగించుకుని పెరుగు గిన్నెతో ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఎండు రొయ్యలు వేసి వండిన వంకాయ కూరతో అన్నం పెట్టి, నా పళ్ళెం వైపు చూస్తూ తాను తినడం మరచిపోయారు. అప్పటి నుండి డ్యూటీ లేని ప్రతి ఆదివారం నా భోజనం అక్కడే. ఆవిడకు కళ్ళు మసకబారడంతో భోజనం అయ్యాక నేను బైబిలు చదువుతాను, ఆవిడ వింటారు. ఎక్కడైనా పదం మింగేస్తే ఆపి మళ్ళీ చదివిస్తారు, ఎందుకంటే కీర్తనలు ఆవిడకు నోటికి వచ్చు. శుక్లం ఆపరేషన్‌కు ఆసుపత్రికి తీసుకువెళ్ళినప్పుడు కౌంటరులోని కుర్రాడు ఫారం నింపుతూ, పేషెంటుకు మీరేమవుతారని నన్ను అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మామ్మగారు, "మా అమ్మాయే, రాసుకో నాయనా" అన్నారు. అతను రాసుకున్నాడు.

మీ వారమంతా ఖాళీగా ఉందంటే దానికి మందు ఇలాంటిదే అని నేను నమ్ముతున్నాను. వాక్యం ఒంటరిగా చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినేది కాదు, మరొకరికి చదివి వినిపించేది. మన ఊరి చరిత్ర కూడా నాకు అదే చెబుతుంది. లండన్ మిషనరీ సొసైటీ నుండి జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లో ఈ విశాఖపట్నానికే వచ్చి, తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే విశ్వాసి సాయంతో సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో కన్నుమూశారు, మొదలుపెట్టిన పనిని తరువాతివారు కొనసాగించారు. వారు తమ కోసమే చదువుకోవాలనుకుంటే ఇంగ్లీషు బైబిలు చాలు. ఇక్కడి ఇళ్ళలో బిగ్గరగా చదివి వినిపించాలనే ఆ కష్టమంతా పడ్డారు. ఇప్పుడు మన యవ్వనస్థులు పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో పువ్వుల బొమ్మ మీద వచనం పంపి, రాత్రి యూట్యూబ్‌లో ఒక ప్రసంగం విని ఆ రోజు భక్తి అయిపోయిందనుకుంటున్నారు. ఆ వచనం పంపిన వ్యక్తికి జ్వరం వస్తే గంజి కాచి ఇచ్చేవారు ఆ గ్రూపులో ఎందరున్నారు?

పెళ్ళి వద్దని నేను అనడం లేదు. మా అమ్మానాన్నలు సంబంధాలు చూస్తూనే ఉన్నారు, దేవుని చిత్తమైతే సంతోషంగా చేసుకుంటాను. అది జరిగేదాకా నన్ను సగం మనిషిగా చూడటం మాత్రం లేఖనానికి విరుద్ధం. పెళ్ళి కానివారు ప్రభువును ఎలా సంతోషపెట్టాలా అని ఆయన పనుల గురించి చింతిస్తారని పౌలు 1 కొరింథీయులకు ఏడవ అధ్యాయంలో రాశాడు, ఆ అధ్యాయం మీద నేను మా ఊళ్ళో ఒక్క ప్రసంగం కూడా వినలేదు. అమెరికన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి, స్త్రీలకూ పిల్లలకూ వైద్యం చేస్తూ, 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచి, 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఆ ఆసుపత్రిని ఇప్పటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు. ఆసుపత్రిలో పనిచేసేదాన్ని కాబట్టి ఆమె జీవితం నాకు మరీ దగ్గరగా అనిపిస్తుంది.

ఇక మీ సంగతికి వస్తాను. గాజువాకలో మైకుల హోరుతో వేలమంది కూడే చోటుకు కాకుండా, మీ గది నుండి నడిచి వెళ్ళగలిగే చిన్న సంఘానికి వెళ్ళండి, నాలుగు వారాలకొకసారి మార్చకండి. పాట పాడే బృందంలో చోటు అడగకండి, అక్కడ ఇప్పటికే చాలామంది ఉంటారు. ఆరాధన అయ్యాక ఆటో కోసం ఎండలో నిలబడే పెద్దవాళ్ళు ఎవరో చూసి వారిని ఇంటిదాకా దింపండి. వారు లోపలికి రమ్మంటే వెళ్ళండి, తినమంటే తినండి, మొహమాటపడి తలుపు దగ్గరే నిలబడిపోవద్దు. ఈ ఆదివారమే కోశాధికారి గారిని కలిసి, చందా రిజిస్టరులో మీ పేరు వేరే వరుసలో, కుటుంబ పెద్ద అన్న గడిలోనే రాయమని అడగండి. మా కోశాధికారి గారు మొదట పాస్టరు గారిని అడగాలన్నారు, పాస్టరు గారు వెంటనే ఒప్పుకున్నారు. ఇప్పుడు మా రిజిస్టరులో నా తర్వాత మరో ఇద్దరు నర్సులు, ఒక షిప్‌యార్డు కుర్రాడు కూడా అలాగే రాయించుకున్నారు.