ఖరీదైన కూలర్ దండగేనా? స్టీల్ బాటిల్ సంగతేంటి?

డాలస్‌కి కొత్తగా వచ్చామనీ, శని ఆదివారాల్లో పిల్లల ఆటలు, ఎప్పుడైనా గాల్వెస్టన్ బీచ్ తప్ప పెద్దగా తిరిగేది లేదనీ రాశారు. చుట్టుపక్కల అందరి దగ్గరా యెటీ కూలర్లు (ఐస్ వేసి తిండి, నీళ్లు చల్లగా ఉంచుకునే పెట్టెలు), స్టాన్లీ స్టీలు కప్పులు కనిపిస్తున్నాయి, 300 డాలర్లు పెట్టి కూలర్, 45 డాలర్లు పెట్టి కప్పు కొనడం దండగా అని అడిగారు. ముందే చెప్పేస్తాను. స్టీల్ బాటిల్ తప్పకుండా కొనండి, కానీ దానికి 45 డాలర్లు అక్కర్లేదు. ఆ కూలర్ మాత్రం మీకు ఇప్పుడు వద్దు.

నేను ఇంత ధైర్యంగా చెప్పడానికి కారణం ఉంది. మాది భీమవరం దగ్గర పల్లె. మా మేనమామకి రొయ్యల చెరువులు ఉండేవి. రొయ్యలు పట్టే రోజు తెల్లారకుండానే ఐస్ ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు దిగేవి. వాటి మీద ఊక, ఆ పైన తడి గోనె పట్టాలు. కావలసినప్పుడు ఒక్కో దిమ్మ లాగి క్రషర్‌లో వేసేవాళ్లు. ట్రేలో ఒక వరస ఐస్ పొడి, ఒక వరస రొయ్యలు, పైన మళ్లీ ఐస్. సెలవుల్లో ఆ ట్రేలు మోసి చేతులు మొద్దుబారిపోయేవి. "చల్లబడాలంటే పొడి, నిలవుండాలంటే దిమ్మరా అల్లుడూ" అనేవాడు మామయ్య. పొడి అయితే సరుకుకి నాలుగు వైపులా అంటుకుని త్వరగా చల్లబరుస్తుంది, త్వరగానే కరుగుతుంది. దిమ్మకి గాలి తగిలే చోటు తక్కువ కాబట్టి ఎక్కువసేపు ఉంటుంది. అమెరికా వచ్చి పదకొండేళ్లయింది. కూలర్ల విషయంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఆ మాటే.

యెటీ మన టెక్సస్ కంపెనీయే. రాయ్, రయన్ సైడర్స్ అనే అన్నదమ్ములు 2006లో ఆస్టిన్‌లో పెట్టారు. ఇద్దరికీ చేపల వేట పిచ్చి. పడవలో కూలర్ మీద నిలబడి గాలం వేస్తుంటే మామూలు కూలర్ల మూతలు కుంగిపోయేవట, అందుకే గట్టి పెట్టె చేయాలనుకున్నారు. ప్లాస్టిక్‌ని అచ్చులో పోసి తిప్పుతూ ఒకే ముక్కగా చేస్తారు. గోడల్లోనూ మూతలోనూ మందంగా పాలీయురేథేన్ ఫోమ్ ఉంటుంది, మూత చుట్టూ ఫ్రిజ్ తలుపుకి ఉన్నట్టు రబ్బరు. చవక కూలర్లలో చాలావాటికి మూతలో ఫోమ్ ఉండదు, లోపల వట్టి బోలు. మూత కూడా వదులుగా కూర్చుంటుంది. వేడి ముందు అక్కడి నుంచే దిగుతుంది.

తేడా ఎంతో నాకు చూడాలనిపించింది. పోయిన జూలైలో మా గరాజ్‌లో రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టాను. ఒకటి వాల్‌మార్ట్‌లో కొన్న 50 డాలర్ల చక్రాల కూలర్, ఇంకోటి స్నేహితుడి దగ్గర తెచ్చిన యెటీ. ఒక్కోదాంట్లో 20 పౌండ్ల ఐస్. గరాజ్‌లో దాదాపు 100 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి. రోజుకి రెండుసార్లే తెరిచి చూశాను. చవకదాంట్లో మర్నాడు సాయంత్రానికి నీళ్లే, పైన తేలుతున్న నాలుగు పలుచని ముక్కలు. యెటీలో మూడో రోజు ఉదయం కూడా గుప్పెళ్లకొద్దీ ఐస్ ఉంది. కాబట్టి అది పనిచేస్తుంది, అబద్ధం కాదు.

కానీ మీరు పొద్దున తొమ్మిదికి గ్రౌండ్‌కి వెళ్లి మధ్యాహ్నం మూడుకి ఇంటికి వస్తారు. ఆ ఆరు గంటలకి 50 డాలర్ల పెట్టె చాలు. గాల్వెస్టన్ వెళ్లినా దారి పొడవునా గ్యాస్ స్టేషన్లే, ప్రతిచోటా ఐస్ బస్తాలు దొరుకుతాయి. బస్తా మూడు డాలర్లనుకున్నా ఆ 250 డాలర్ల తేడాతో ఎనభై బస్తాలు వస్తాయి. ఐస్‌కి ఎన్ని రోజుల దూరంలో ఉంటామన్నది ఒక్కటే లెక్క. మూడు నాలుగు రోజులు కొట్టు మొహం చూడని చోటికి వెళ్లేవాళ్లకి, వేటకో క్యాంపింగ్‌కో, అది అవసరమైన వస్తువు.

ఇంకో సంగతి, బరువు. యెటీలో టండ్రా 45 అనే మోడల్ ఖాళీదే పది కిలోల పైన ఉంటుంది. పేరులో 45 ఉందని 45 క్వార్ట్‌లు (క్వార్ట్ అంటే లీటరుకి కాస్త తక్కువ) పట్టదు, అంతకంటే తక్కువే. ఐస్, నీళ్లు, పెరుగన్నం, పండ్లు నింపాక పార్కింగ్ నుంచి గ్రౌండ్ దాకా ఇద్దరు మోయాలి. చవకదానికి చక్రాలున్నాయి, మా ఎనిమిదేళ్ల పాపే లాక్కొస్తుంది.

మీ అమ్మానాన్నలు కూడా వస్తారని రాశారు కాబట్టి ఈ ఒక్క విషయం కాస్త వివరంగా చెబుతాను. మూడేళ్ల కిందట అమ్మ వచ్చినప్పుడు బిగ్ బెండ్ నేషనల్ పార్క్‌కి వెళ్లాం. అమ్మకి షుగర్, ఇన్సులిన్ పెన్నులు వాడుతుంది. ఎండ ఎక్కువ, దారి దూరం, అందుకని స్నేహితుడి దగ్గర ఇదే యెటీ అడిగి తీసుకెళ్లాను. డీప్ ఫ్రీజర్‌లో రెండు రోజులు పెట్టిన జెల్ ప్యాకులు అడుగున పరిచి, పెన్నుల్ని జిప్ కవర్‌లో వేసి నేరుగా వాటి మీదే పెట్టాను. జాగ్రత్త చేశాననుకున్నాను. పార్క్ పక్కనున్న టెర్లింగ్వా ఊళ్లో పొద్దున్నే అమ్మ టిఫిన్‌కి ముందు కొత్త పెన్ను తీసింది. వెలుతురుకి పట్టుకుని చూసి, "ఒరే, ఇందులో ఏదో గాజుముక్కలా ఉంది చూడు" అంది. లోపల సన్నటి పలుకులు. గడ్డకట్టేసింది. మూడు పెన్నులూ అంతే.

ఫ్రీజర్ నుంచి తీసిన ప్యాకు సున్నా దగ్గర ఉండదు, మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. మంచి పెట్టె కాబట్టి ఆ చలిని రాత్రంతా అలాగే పట్టి ఉంచింది. వాడని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఒకసారి గడ్డకడితే కరిగాక చూడ్డానికి బాగానే ఉన్నా వాడకూడదు, పారేయాల్సిందే. కొత్త ఇన్సులిన్ కోసం వెళ్లాలంటే అక్కడి నుంచి ఆల్పైన్ ఊరు 80 మైళ్లు. ఆ గంటలో నాకు వచ్చిన టెన్షన్ మాటల్లో చెప్పలేను. అప్పటికే వాడుతున్న పెన్ను అమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంది కాబట్టి గట్టెక్కాం. తెరిచిన పెన్ను మామూలు గది చల్లదనంలో కొన్ని వారాలు ఉంటుంది, చాలా రకాలకి 28 రోజులు, మందుతో వచ్చే కాగితంలో రాసి ఉంటుంది. ఇప్పుడైతే పెన్నుల్ని మందపాటి తువ్వాల్లో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి, ఐస్‌కి ఆనకుండా పై అరలో ఉంచుతాను. పక్కన పది డాలర్ల చిన్న థర్మామీటర్ పెడతాను. మందులు పెట్టేవాళ్లు కూలర్ కంటే ముందు ఆ థర్మామీటర్ కొనాలి.

చవక పెట్టెతోనే ఎక్కువసేపు లాగడానికి నేను చేసేది ఇంతే. ముందు రోజు రాత్రి ఒక బస్తా ఐస్ వేసి పెట్టెని లోపల చల్లబరుస్తాను, పొద్దున అది పారబోసి కొత్త ఐస్ వేస్తాను. నీళ్ల సీసాలు ఫ్రిజ్‌లో చల్లబడ్డాకే పెడతాను. కిలో ఐస్ కరగడానికి పీల్చుకునే వేడితో కిలో నీళ్లని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచొచ్చు, అంత బలాన్ని వెచ్చటి కోక్ డబ్బాల మీద ఖర్చు చేయడం ఎందుకు. అడుగున ఇంట్లో డబ్బాలో గడ్డకట్టించిన పెద్ద దిమ్మ, సందుల్లో చిన్న ముక్కలు. కరిగిన నీళ్లు ఐస్ ఉన్నంతసేపూ పారబోయను, అవీ చల్లగానే ఉంటాయి. పెరుగు డబ్బా మాత్రం నీళ్లలో మునగకుండా చూసుకోండి. పిల్లలు పది నిమిషాలకోసారి తెరిచే తాగే నీళ్లకి వేరే సంచి పెట్టండి.

ఇక బాటిళ్లు. ఇక్కడ డబ్బు పెట్టడం నిజంగా న్యాయం. రెండు స్టీలు గోడల మధ్య గాలి తీసేస్తారు. జేమ్స్ డ్యూయర్ 1892లో కనిపెట్టిన పద్ధతే, మన ఇళ్లలో పగిలిపోయే గాజు ఫ్లాస్కులోనూ అదే. గాలి లేకపోతే వేడి దాటే దారి ఎక్కువగా మెడ, మూతల దగ్గరే మిగులుతుంది. ఆ ఖాళీ 15 డాలర్ల బాటిల్లోనూ ఖాళీయే, 40 డాలర్ల బాటిల్లోనూ ఖాళీయే. మా ఇంట్లో రెండూ ఉన్నాయి. పొద్దున ఎనిమిదికి ఐస్ వేస్తే సాయంత్రం అయిదుకి రెండింట్లోనూ ముక్కలు గలగలమంటాయి. ఎక్కువ డబ్బుకి వచ్చేది మంచి పెయింట్, గట్టి మూత, వారంటీ.

ఒకటి మాత్రం పరీక్షించుకోండి. బాటిల్లో మరిగిన నీళ్లు పోసి అయిదు నిమిషాలాగి బయట చెయ్యి పెట్టి చూడండి. పక్కలు గానీ అడుగు గానీ వేడిగా తగిలితే గోడల మధ్యకి గాలి చొరబడిందన్నమాట. చల్లనివి పోసినప్పుడు బయట చెమట పట్టినా అంతే. మా పాప బాటిల్ టెన్నిస్ కోర్టులో రెండుసార్లు పడి సొట్టపోయాక అలాగే అయింది.

స్ట్రా ఉన్న 40 ఔన్సుల స్టాన్లీ క్వెంచర్ అందంగా ఉంటుంది, కారు హోల్డర్‌లో పడుతుంది. కానీ పక్కకి పడితే కారుతుంది. స్కూలు బ్యాగులో పెట్టేందుకైతే స్క్రూ మూతదే తీసుకోండి. స్టాన్లీ కప్పుల్లో సీసం ఉందని 2024 మొదట్లో అందరూ భయపడ్డారు. అది అడుగున సీలు చేసిన చోట స్టీలు బిళ్ల కింద ఉంటుంది, తాగే నీళ్లకి తగలదని కంపెనీయే చెప్పింది. ఆ బిళ్ల ఊడితే మాత్రం వాడటం ఆపి మార్పించుకోండి. సెకండ్‌హ్యాండ్‌లో కొంటే రీకాల్స్ చూసుకోండి. స్టాన్లీ స్విచ్‌బ్యాక్, ట్రిగ్గర్ యాక్షన్ మగ్గుల మూతలు ఊడి వేడి నీళ్లు ఒలికి మనుషులకి కాలుతోందని 2024 డిసెంబర్‌లో వెనక్కి పిలిచారు. యెటీ మెత్తటి హాపర్ కూలర్లలో కొన్నిటిని అయస్కాంతాలు ఊడుతున్నాయని 2023లో పిలిచారు.

మజ్జిగ తీసుకెళ్తే ఇంటికి రాగానే మూతలో సిలికోన్ రింగు తీసి కడగండి. చెంచా కాడతో లాగితే వస్తుంది. నేను మొదటిసారి తీసినప్పుడు కింద నల్లటి జిడ్డు, పులిసిన వాసన. నెల రోజులుగా పాప ఆ మూతతోనే తాగుతోందని తెలిసి చాలా బాధేసింది. పాలు పోసిన టీ కూడా గంటల తరబడి ఉంచకండి.

బిగ్ బెండ్ తర్వాత మేం ఏటా మూడు నాలుగు సార్లు క్యాంపింగ్‌కి వెళ్తున్నాం కాబట్టి ఈ ఏడు సగం ధరకి వాడిన యెటీ ఒకటి కొన్నాను, మాకు సరిపోయింది. మేం ప్లేనోలో ఉంటాం. మీకు ఎప్పుడైనా పెద్ద ట్రిప్పు తగిలితే మెసేజ్ పెట్టండి, ఇస్తాను. ముందు రోజు సాయంత్రమే వచ్చి పట్టుకెళ్లండి, రాత్రంతా ఐస్ వేసి చల్లబరచాలి కదా.