మెరిసే రంగు చూసి అడ్వాన్స్ ఇవ్వకండి

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటున్నాం. 1970 నాటి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కన్వర్టిబుల్ (పైకప్పు మడిచేసే రకం కారు) ఒకటి, పూర్తిగా రీస్టోర్ చేసిందట, అమ్మకానికి వచ్చింది. ఫొటోల్లో అదిరిపోయింది. అడ్వాన్స్ ఇచ్చేయమంటారా?

జవాబు: ఆగండి. ఇంజిన్ గురించి అంత టెన్షన్ అక్కర్లేదు; వెనకాల ఉండే 1600 సీసీ ఇంజిన్, రేడియేటర్ గొడవే లేదు, ఫ్యాన్ గాలితోనూ ఆయిల్‌తోనూ చల్లబడుతుంది, విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. అసలు భయం తుప్పు. జర్మనీలో ఈ బాడీ కట్టిన కార్మన్ కంపెనీ, గట్టి పైకప్పు లేక తగ్గిన బలాన్ని పూడ్చడానికి తలుపుల కిందుగా అదనపు ఉక్కు పెట్టింది, దాన్ని తుప్పు తినేస్తే బండి నడుం విరిగినట్టే. జాకీతో ఒక పక్క ఎత్తించి తలుపు తీసి వేసి చూడండి, పట్టేస్తుంటే ఆ బండిని వదిలేయండి. వెనక సీటు కింద బ్యాటరీ ఉంటుంది, అక్కడి రేకూ చూడాలి. చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే మీ వైపే తిరిగిన బండైతే మరీ జాగ్రత్త. వెల్డింగ్ చేసినప్పటి ఫొటోలు అడగండి. లేవంటే నేనైతే బేరమే ఆడను. కొన్నాక, దారిలో జనరేటర్ ఎర్రలైటు వెలిగితే వెంటనే ఆపేయండి, జనరేటర్‌నీ ఫ్యాన్‌నీ తిప్పే బెల్ట్ తెగి ఉండొచ్చు, అలాగే నడిపితే ఇంజిన్ పోతుంది.