జీడిపప్పు, బాదం కొనే ముందు

అమ్మాయీ,

జీడిపప్పు, బాదం ధరలు చూస్తే గుండె గుభేలుమంటోందని రాశావు. ఆ ధరలో ఎక్కువ భాగం చెట్టు దగ్గరా, పెంకు దగ్గరా పడేదే. అది తెలిస్తే ఎక్కడ మిగుల్చుకోవచ్చో నీకే తోస్తుంది.

వేరుశనగ విత్తిన నాలుగు నెలలకు చేతికొస్తుంది. బాదం చెట్టు కాపు మొదలవడానికే మూడేళ్లు, నిండు కాపుకు ఆరేడేళ్లు. పిస్తా ఇంకా ఆలస్యం, పైగా ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు తగ్గిపోతుంది. అన్నాళ్లూ నీరు, ఎరువు, కూలి ఖర్చు రైతే భరించాలి. ప్రపంచంలో పండే బాదంలో సింహభాగం కాలిఫోర్నియాదే. అక్కడ ఫిబ్రవరి పూతకు తేనెటీగల పెట్టెలను ఎకరానికి రెండు చొప్పున అద్దెకు తెచ్చిపెడతారు. పూత మీద గడ్డమంచు పడిందంటే కాపు దెబ్బతింటుంది, ధర పెరుగుతుంది.

జీడిపప్పుకు పెంకు దగ్గర ఖర్చు పెరుగుతుంది. కిలో పప్పు రావాలంటే నాలుగైదు కిలోల జీడిపిక్కలు కావాలి. పెంకులోని జీడి చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతాయి. అందుకని ముందు పిక్కల్ని కాల్చాలి, లేదా ఆవిరి పట్టాలి. తర్వాత పెంకు కోసి పప్పు తీసి, ఆరబెట్టి, పొట్టు వలిచి, గుండు, బద్ద, ముక్క వేరు చేయాలి. యంత్రాలు వచ్చినా ఇందులో చేతిపని చాలానే ఉంటుంది. ఆ చేతులకు దక్కే కూలి ఎక్కువని నేనెప్పుడూ అనను.

గుండుకు ఇచ్చే అదనపు ధర మాత్రం రూపానికే. పొట్లం మీద డబ్ల్యూ 180, డబ్ల్యూ 320 అని ఉంటే, 454 గ్రాములకు సుమారు అన్ని గుండ్లు తూగుతాయని అర్థం. అంకె తగ్గేకొద్దీ గింజ పెద్దది, ధరా పెద్దది. రుచిలో తేడా లేదు. గ్రేవీకి, పొడికి, మిఠాయికి ముక్కే కొను. పైన అలంకరణకు మాత్రం గుప్పెడు గుండ్లు చాలు. అయితే ముక్కకు గాలి ఎక్కువ తగిలి త్వరగా కనరెక్కుతుంది కాబట్టి నెలకు సరిపడానే తీసుకో.

పెంకుతో ఉన్న అక్రోట్ చవకగా కనిపిస్తుంది. దాని బరువులో దాదాపు సగం పెంకే. కాబట్టి ఆ ధర ఒలిచిన పప్పు ధరలో సగం దాటితే నీకు మిగిలేది ఏమీ లేదు. పిస్తాకూ ఇదే లెక్క.

అసలు నష్టం ఇంట్లోనే జరుగుతుంది. వీటిలో దాదాపు సగమో, అంతకు పైనో నూనే. వేడికి, వెలుతురుకు అది పాడవుతుంది, అన్నిటికంటే ముందు అక్రోట్. కొనేటప్పుడు ఒకటి కొరికి చూడు; పాత నూనె వాసన వస్తే ఎంత చవకైనా వదిలెయ్. ఇంటికి తెచ్చాక గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే ఆరు నెలలు, ఫ్రీజర్‌లో ఏడాది వరకు నిలుస్తాయి. ఫ్రీజర్ నుంచి తీసిన డబ్బా చల్లదనం పోయేదాకా మూత తీయకు. వెంటనే తీస్తే గాలిలోని తేమ పప్పు మీద నీరుగా చేరి మెత్తబడుతుంది. అలా మెత్తబడితే 150 డిగ్రీల ఓవెన్‌లో ఎనిమిది నుంచి పది నిమిషాలు వేయించు, కరకరలాడతాయి. బూజు పట్టినవాటిని మాత్రం వేయించి వాడాలని చూడకు. బూజు విషం వేయించినా పూర్తిగా పోదు, పారేయడమే.